ఇచ్చిన సొమ్ము, తెలిసిన తేదీ: హైదరాబాదులో పాలకులకు ముట్టిన ధనంపై ఒక పరిశీలన

ధూల్‌పేట్ మూసీకి ఉత్తరపు ఒడ్డున, 1578లో కట్టిన పురానాపూల్‌కు దగ్గరగా ఉంది. ఒక పక్క కార్వాన్, ఇంకో పక్క బేగంబజారు. 19వ శతాబ్దంలో నిజాం సర్కారుకు అప్పులు పెట్టిన సాహుకార్లలో చాలామంది ఈ రెండు పేటల వారేనని చరిత్రకారిణి కారెన్ లెనర్డ్ పరిశోధనలు చూపుతున్నాయి. ధూల్‌పేట్ మాత్రం ధనికుల పేట కాదు. వినాయక విగ్రహాలు, గాలిపటాలు, ఒకప్పటి గుడుంబా బట్టీలు దాని బతుకుతెరువు. ఇక్కడి లోధ్ కుటుంబాల రాక గురించి రెండు కథనాలున్నాయి. 1687లో గోల్కొండను పట్టుకున్న ఔరంగజేబు సైన్యం వెంట వచ్చారని ఒకటి, ఆసఫ్‌జాహీల కాలంలో బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చారని ఇంకొకటి. రెండూ ప్రధానంగా నోటిమాటగా వచ్చినవే కాబట్టి ఏ ఒక్కదాన్నీ ఖాయం చేయడం తొందరపాటు అవుతుంది. ఈ వ్యాసానికి అవసరమైనది అంతకంటే చిన్న విషయం: అప్పిచ్చే పేటలకూ అధికారానికీ నడుమ ఏం జరిగిందో తెలుసుకునే వీలు పక్కనే ఉన్న ఈ పేట మనిషికి ఎంతవరకు ఉండింది అన్నది.

ధనికుడి నుంచి పాలకుడికి సొమ్ము చేరినప్పుడు మూడు ప్రశ్నలు పుడతాయి. సొమ్ము చేరిన మాట నిజమేనా? దానికి ప్రతిఫలం ముట్టిందా? ఆ సంగతి జనానికి ఎప్పుడు తెలిసింది? మొదటిదానికి కాగితాలు తరచుగా దొరుకుతాయి. రెండోదానికి అరుదుగా దొరుకుతాయి. మూడోదానికి జవాబు దాదాపు ప్రతిసారీ తేదీతో సహా దొరుకుతుంది. అయినా చర్చ అంతా రెండో ప్రశ్న చుట్టూనే తిరగడం కనిపిస్తుంది. హైదరాబాదుకు సంబంధించిన రెండు సందర్భాలను, సుమారు 200 ఏళ్ల ఎడం ఉన్నవాటిని, ఈ మూడు ప్రశ్నలతో పరిశీలించడం ఇక్కడి ప్రయత్నం. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఉద్దేశం కాదు.

ఒక మినహాయింపు ముందే చెప్పాలి. దర్బారులో నజరు సమర్పించడం ఈ పరిశీలనలోకి రాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు ఇవ్వడం ఆనవాయితీగా ఉండేదని చెబుతారు. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అది నలుగురి కళ్లముందు జరిగేది. ఇక్కడ చూడవలసింది కళ్లకు కనిపించని సొమ్మును.

మొదటి సందర్భం: పామర్ కోఠీ

1. విలియం పామర్ కంపెనీ వ్యవహారానికి ప్రధాన ఆధారం 1824లో లండన్‌లో అచ్చయిన కాగితాల సంపుటం. చరిత్రకారులు దాన్ని ‘హైదరాబాద్ పేపర్స్’ అంటారు. ఈస్టిండియా కంపెనీ తన అంతర్గత తగాదా తేల్చుకోవడానికి అచ్చువేయించిన సంపుటమిది. ఇందులో నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధులైన రెసిడెంట్ల లేఖలు, గవర్నర్ జనరల్ మండలి తీర్మానాలు విస్తారంగా ఉన్నాయి. నిజాం పేష్కార్ చందూలాల్ మాటలు ఇందులో ఎక్కువగా ఆంగ్లానువాదంలోనే వినిపిస్తాయి. ఈ వంపును గుర్తుంచుకునే దాన్ని చదవాలి.

2. వివాదం లేని సంగతులు ఇవి. విలియం పామర్ ఒక ఆంగ్లేయ జనరల్‌కూ, ఫైజ్ బక్ష్ బేగంకూ పుట్టినవాడు. నిజాం సైన్యంలో పనిచేసి, తరవాత వడ్డీవ్యాపారంలోకి దిగాడు. 1814లో అతని కోఠీకి కంపెనీ ప్రభుత్వ ఆమోదం దొరికింది. గుజరాతీ సాహుకారు బంకటీ దాస్ అందులో భాగస్వామి. 1815 ప్రాంతంలో సర్ విలియం రంబోల్డ్ చేరాడు. దేశీయ ప్రభువులకు బ్రిటిష్ ప్రజలు అనుమతి లేకుండా అప్పు ఇవ్వరాదని 1797 నాటి పార్లమెంటు చట్టం ఒకటి ఉండేది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ ఆ కోఠీకి మినహాయింపు ఇచ్చాడు. ఈయన వారెన్ హేస్టింగ్స్ కాడు, 1813 నుంచి 1823 దాకా పాలించిన మరొకడు.

3. రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి. కోఠీ భాగస్వాములు రంబోల్డ్‌ను ఎందుకు చేర్చుకున్నారో గవర్నర్ జనరల్‌కు తెలియకపోలేదు. రంబోల్డ్ ఉంటే తమ కోఠీ మంచిచెడ్డల మీద తనకు ఆసక్తి కలుగుతుందని వారు లెక్క వేసుకుంటున్నారనీ, ఆ లెక్క న్యాయమైనదేననీ అర్థం వచ్చేలా హేస్టింగ్స్ రంబోల్డ్‌కు రాసిన లేఖ ఆ సంపుటంలోనే ఉంది. దీన్ని నేరాంగీకారంగా చదివినవారున్నారు. దాచుకోవలసింది ఏమీ లేదనుకున్న మనిషి రాత ఇలాగే ఉంటుందన్న వాదానికీ చోటుంది. హేస్టింగ్స్ స్వయంగా డబ్బు పుచ్చుకున్నాడనడానికి నమ్మదగిన ఆధారం ఆ కాగితాల్లో లేదు.

4. 1820లో నిజాం సర్కారు పేరిట 60 లక్షల రూపాయల అప్పు మంజూరైంది. మండలిలో అభ్యంతరాలు వచ్చినా హేస్టింగ్స్ మాటే నెగ్గింది. అదే ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తిరగేసి, నిజంగా చేతులు మారింది 52 లక్షలేననీ, మిగిలిన 8 లక్షలు కోఠీకి బహుమానంగా రాసుకున్నదనీ తేల్చాడు. భాగస్వాములకూ, వారి బంధువులకూ నిజాం ఖజానా నుంచి భృతులు నడుస్తున్నాయని కూడా రాశాడు. పాత వడ్డీ తగ్గించుకుంటున్నందుకు నష్టపరిహారంగా ఆ 8 లక్షలు వచ్చాయన్నది కోఠీ పక్షం సమర్థన. ఇందులో తిరకాసు ఉంది. అంకె మీద తగాదా లేదు, దాని పేరు మీదే తగాదా. అంకె ఒప్పుకుని పేరు మార్చే పద్ధతి తరవాతి కాలపు ముడుపుల వ్యవహారాల్లోనూ కనిపిస్తుంది గనుక ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి.

5. మెట్కాఫ్‌కు ముందు 1811 నుంచి 1820 దాకా రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ ఈ కోఠీలో రహస్య భాగస్వామా? అతను ఖండించాడు. జాన్ కే 1854లో రాసిన మెట్కాఫ్ జీవితం మెట్కాఫ్ పక్షాన నిలుస్తుంది. రస్సెల్ సొంత కాగితాలు చూసిన తరవాతి చరిత్రకారులు కొందరు అతని ఖండనను నమ్మలేదు. 2013లో కారెన్ లెనర్డ్ మరో కోణం తీసుకువచ్చారు. పామర్ కోఠీని ఆంగ్లేయుల దోపిడీ సంస్థగా కాక, స్థానిక భాగస్వాములతో స్థానిక పద్ధతుల్లో నడిచిన భారతీయ సాహుకారీ కోఠీగా చూడాలనీ, దాని పతనంలో కంపెనీ స్వార్థం కూడా ఉందనీ ఆమె వాదం. ఆనాటి నగరంలో ఏటా నూటికి 24, 25 వడ్డీ వింత కాదన్నది గుర్తు చేసుకుంటే, ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే వడ్డీ రేటు మామూలుదే అయినంత మాత్రాన గవర్నర్ జనరల్ ఇంటి సంబంధం, చట్టం నుంచి మినహాయింపు మామూలువి అయిపోవు.

6. బాకీ ఎలా తీరిందన్నది తెలుగువారికి మరీ దగ్గరి విషయం. ఉత్తర సర్కారులను తమ అధీనంలో ఉంచుకున్నందుకు కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ చెల్లించేది. 1823లో ఆ హక్కును నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు. బదులుగా 1,16,66,666 రూపాయలు ముట్టాయి. 7 లక్షలను నూటికి 6 వడ్డీ లెక్కన మూలధనంగా మారిస్తే సరిగ్గా ఈ అంకే వస్తుంది. కోఠీ బాకీ తీర్చేందుకు మెట్కాఫ్ 1821లో ప్రతిపాదించిన రుణం వడ్డీ కూడా 6 శాతమే. ఆ సొమ్ములో పెద్ద భాగం పామర్ కోఠీ బాకీ కిందికే పోయింది. కోఠీ ఆ తరవాత ఎంతోకాలం నిలవలేదు. కృష్ణా గోదావరి తీరాల భూముల పేరిట హైదరాబాదుకు రావలసిన వార్షికాదాయం ఒక కోఠీ పద్దులో పడి ఆగిపోయిందన్నమాట.

7. ఇక్కడ ఒక పాత ముడిని కూడా చెప్పాలి. సర్ విలియం రంబోల్డ్ తాత సర్ థామస్ రంబోల్డ్ 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించుకున్నదీ, 1779లో నిజాంకు పేష్కష్ ఎగవేయాలని చూసి చెడ్డపేరు తెచ్చుకున్నదీ ఆయనే. ఆయన కార్యదర్శి రెడ్‌హెడ్‌కు విజయనగరం సీతారామరాజు ఒక లక్ష రూపాయలు ఇవ్వజూపినట్లు, దివాన్‌గిరీతో ముడిపడిన కాగితం రెడ్‌హెడ్ మరణానంతరం బయటపడిందని జేమ్స్ మిల్ తన చరిత్రలో రాశాడు. బ్రిటిష్ పార్లమెంటులో థామస్ రంబోల్డ్‌పై శిక్షా బిల్లు వచ్చి, 1783లో తేలకుండానే ఆగిపోయింది. 1868లో ఆయన కుమార్తె తండ్రి శీలాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథమే ప్రచురించింది. తాత ఎగవేయాలని చూసిన పేష్కష్ 40 ఏళ్లకు పైబడ్డాక మనవడి కోఠీ బాకీ తీర్చడానికి పనికివచ్చింది. ఇది కుట్ర అనడానికి ఆధారం లేదు. కాకతాళీయంగానే తీసుకోవాలి. కానీ రెండు తరాల్లోనూ మూడో ప్రశ్నకు జవాబు ఒకటే: సంగతి తెలిసింది లండన్‌లో, ఇంగ్లీషులో, సొమ్ము చేతులు మారిన తరవాత. 1824 సంపుటం అచ్చయ్యే నాటికి 1823 ఒప్పందం ముగిసిపోయింది. నిజాం రైతుకు గానీ, సర్కారు జిల్లాల రైతుకు గానీ ఆ కాగితాలు చేరే దారి లేదు.

రెండో సందర్భం: ఎన్నికల బాండ్లు

పామర్ కాలంలో పాలకుడిని జనం ఎన్నుకోలేదు. ఇప్పుడు ఎన్నుకుంటున్నారు. ధూల్‌పేట్ గోషామహల్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. తెలంగాణ వంటి పెద్ద రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 2022 నుంచి 40 లక్షల రూపాయల పరిమితి ఉంది. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసుల అఫిడవిట్ పోలింగుకు ముందే ఓటరు చదువుకోవచ్చు. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. అంటే చిన్న లెక్క ముందు తెలుస్తుంది, పెద్ద లెక్క తెలియదు. ఈ తేడా మీదనే బాండ్ల పథకం నిలిచింది.

1. పథకం 2018 జనవరి 2న నోటిఫై అయింది. స్టేట్ బ్యాంకులో 1,000 నుంచి కోటి రూపాయల దాకా విలువగల బాండు కొని పార్టీకి ఇవ్వగలిగేవారు. పార్టీ 15 రోజుల్లో దాన్ని సొమ్ము చేసుకోవలసి ఉండేది. దాత పేరు బయటికి వచ్చేది కాదు. అంతకుముందే 2017లో కంపెనీల చందాపై ఉన్న పరిమితిని, అంటే మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం అన్న హద్దును, తొలగించారు. నగదు చందాలను తగ్గించి, సొమ్మును బ్యాంకు దారిలోకి తేవడం తమ ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. ఈ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయకూడదు. డబ్బు బ్యాంకు దారిలోకి రావడం వల్లనే తరవాత లెక్క దొరికింది కూడా.

2. 2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని అయిదుగురి ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని కొట్టివేసింది. పార్టీకి ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు సమాచార హక్కులో భాగమన్నది తీర్పు సారం. వివరాల కోసం బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కోర్టు మార్చి 11న నిరాకరించింది. ఎన్నికల సంఘం మార్చి 14న తొలి జాబితా పెట్టింది. ఏ దాత బాండు ఏ పార్టీకి చేరిందో జతచేయగల సంఖ్యలు మార్చి 21న వచ్చాయి.

3. హైదరాబాదు సంస్థలు ఈ జాబితాలో ముందువరసలో ఉన్నాయి. మేఘా ఇంజినీరింగ్ తన పేరిట 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు అయింది. అందులో సుమారు 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్‌ఎస్‌కు, 85 కోట్లు డీఎంకేకు చేరాయని, మరికొంత ఇతర పార్టీలకు వెళ్లిందని జతచేసిన లెక్కలు చూపుతున్నాయి. డీఎంకే తన ప్రకటనలో అదే కంపెనీ నుంచి 105 కోట్లు వచ్చినట్లు చెప్పింది. బ్యాంకు లెక్కలో 85, పార్టీ లెక్కలో 105. వీటిలో ఒకటి అబద్ధమని వెంటనే అనకూడదు. రెండు లెక్కల కాలావధులు వేరు. ఆ కారణమే తేడాకు మూలం కావచ్చు.

4. ఇదే జాగ్రత్త బీఆర్‌ఎస్ విషయంలోనూ అవసరం. పార్టీలు ఎన్నికల సంఘానికి సీల్డు కవర్లలో ఇచ్చిన వివరాల ప్రకారం దానికి వచ్చినవి 1,322 కోట్లు. ఇవి 2018 నుంచి మొదలై 2023 సెప్టెంబరు దాకా ఉద్దేశించిన లెక్కలు. బ్యాంకు జాబితా ప్రకారం అయితే సుమారు 1,214 కోట్లు. ఇది 2019 ఏప్రిల్ 12 నుంచి 2024 జనవరి దాకా. బ్యాంకు జాబితా ఈ చివర ఎక్కువ కాలాన్ని పట్టుకున్నా మొత్తం తక్కువగా ఉంది. కాబట్టి, రెండు లెక్కలూ సరైనవే అయితే, 2019 ఏప్రిల్ 12కు ముందు కనీసం 107 కోట్ల పైచిలుకు ఆ పార్టీకి చేరి ఉండాలి. ఆ సొమ్ము దాతలెవరో బ్యాంకు జాబితాలో కనిపించదు. ఈ మరుగు ఒక్క పార్టీకి పరిమితం కాదు. బీజేపీకి పార్టీ లెక్కలో 6,986 కోట్లు, బ్యాంకు లెక్కలో 6,060 కోట్లు. అన్ని పార్టీలకూ కలిపి పథకం మొత్తం కాలంలో అమ్ముడైన బాండ్లు 16,518 కోట్ల విలువైనవి. అందులో దాదాపు నాలుగో వంతు ఈ చీకటి భాగంలో పడుతుంది.

5. ప్రతిఫలం సంగతి ఏమిటి? కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మేఘా ప్రధాన గుత్తేదారుల్లో ఒకటి. ఆ పథకానికి శంకుస్థాపన 2016 మే 2న జరిగింది. బాండ్లు 2018లో వచ్చాయి. అందువల్ల బాండు ఇచ్చి కాంట్రాక్టు తెచ్చుకున్నారన్న సూటి ఆరోపణ, కనీసం తొలి కాంట్రాక్టుల విషయంలో, తేదీల ముందు నిలవదు. వచ్చిన కాంట్రాక్టుకు కృతజ్ఞత, లేదా బిల్లులు సవ్యంగా సాగాలన్న జాగ్రత్త అన్న ఊహలకు తేదీలు అడ్డురావు. అలాగని వాటిని రుజువు కూడా చేయవు. ఒకే సంస్థ పరస్పరం తలపడే పార్టీలకు ఇవ్వడం సిద్ధాంతాభిమానం అన్న వివరణను బలహీనపరుస్తుంది. ఇంతకు మించి అంకెలు చెప్పవు.

6. అరబిందో ఫార్మా లెక్క ఇంకా చిక్కైనది. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరిని ఢిల్లీ మద్యం విధానం కేసులో 2022 నవంబరు 10న ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అరెస్టు చేసింది. నవంబరు 15న కంపెనీ 5 కోట్ల బాండ్లు కొంది. అవి బీజేపీకి చేరాయి. 2023 జూన్‌లో ఆ వ్యక్తి అప్రూవర్ అయ్యారు. అదే ఏడాది నవంబరులో మరో 25 కోట్లు అదే పార్టీకి వెళ్లాయి. ఈ వరస చూసి అనుమానం రాకపోతే వింత. కానీ అదే కంపెనీ బాండ్లు అరెస్టుకు ముందు బీఆర్‌ఎస్‌కు 15 కోట్లు, టీడీపీకి 2.5 కోట్లు చేరాయి. బీజేపీకి కూడా కొంత అంతకుముందే ముట్టింది. అంటే ఇవ్వడం అరెస్టుతో మొదలు కాలేదు. అప్రూవర్‌గా అంగీకరించేది కోర్టు. తేదీలు పక్కపక్కన ఉండడం విచారణకు తగిన కారణం, నిర్ధారణకు కాదు. ఆ విచారణ ప్రత్యేక బృందంతో జరిపించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 2న తోసిపుచ్చింది. సాధారణ చట్టపు మార్గాలు తెరిచే ఉన్నాయని చెప్పింది. ఆ మార్గాల్లో ఎంత దూరం పోగలరన్నది సందేహమే.

7. ఇప్పుడు మూడో ప్రశ్న. వెల్లడైన బ్యాంకు జాబితా 2019 ఏప్రిల్ 12న మొదలవడానికి కారణం ఆ రోజు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం. తెలంగాణ అసెంబ్లీ పోలింగు 2018 డిసెంబరు 7న జరిగింది. తెలంగాణ లోక్‌సభ పోలింగు, ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ, అసెంబ్లీ పోలింగు 2019 ఏప్రిల్ 11న జరిగాయి. అంటే జాబితా తెలుగువాళ్లు ఓటు వేసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. బాండ్లు అమల్లోకి వచ్చాక తెలుగు రాష్ట్రాలు చూసిన తొలి రెండు పెద్ద ఎన్నికల ప్రచారాలూ జాబితాకు అవతలే ఉండిపోయాయి. ఇది ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు, కోర్టు ఉత్తర్వు తేదీ వల్ల జరిగింది. ఫలితం మాత్రం మారదు. 2023 నవంబరు 30న తెలంగాణ మళ్లీ ఓటు వేసినప్పుడూ జాబితా లేదు. జాబితా చేతిలో ఉండగా తెలుగు రాష్ట్రాల్లో జరిగిన మొదటి పోలింగు 2024 మే 13న.

8. ధూల్‌పేట్ వరకు దీని అర్థం ఇది. 2018లో గోషామహల్ గెలిచింది బీజేపీ. రాష్ట్రంలో ఆ పార్టీకి ఆ ఎన్నికలో దక్కిన ఒకే ఒక్క స్థానం అది. రాష్ట్రాన్ని పాలించింది బీఆర్‌ఎస్, అప్పటి పేరు టీఆర్‌ఎస్. ఇక్కడి ఓటరు ఎటు వేసినా ఆ ఓటు బాండ్ల సొమ్ము పెద్దఎత్తున అందుకున్న పార్టీకే పడే అవకాశం ఎక్కువ. ఆ సొమ్ములో ఏ కోటి ఏ గల్లీలో ఖర్చయిందో ఏ జాబితా చెప్పదు కాబట్టి, నియోజకవర్గ ఫలితాన్ని బాండ్లకు ముడిపెట్టడం సమర్థనీయం కాదు. పండుగ పందిరికి నాయకుడు ఇచ్చిన చందా మాత్రం ఫ్లెక్సీ మీద పేరుతో సహా కనిపిస్తుంది. కిందికి పోయే డబ్బు అందరికీ కనిపిస్తుంది, పైకి పోయే డబ్బు కనిపించదు. పేదపేటల రాజకీయాలను ఓట్ల కొనుగోలుగా మాత్రమే వర్ణించే అలవాటు ఈ కనిపించడంలోని తేడా నుంచే వచ్చి ఉండవచ్చు. అది ఆ పేటల పట్ల అన్యాయం.

ఈ రెండు సందర్భాల నుంచి తేల్చగలిగింది పరిమితమే. ప్రతిఫలం రుజువు కావడం 1824లోనూ కష్టమైంది, 2024లోనూ కష్టమైంది. అది రుజువయ్యేదాకా ప్రజల నమ్మకం సంగతి వాయిదా వేయాలన్న వాదం అంగీకరించదగినది కాదు. దాత పేరు ఎప్పుడు తెలియాలన్నది ఎవరి మనసులోని ఉద్దేశాన్నీ రుజువు చేయకుండానే చట్టంతో నిర్ణయించగల విషయం. బ్రిటన్‌లో 2000 నాటి చట్టం ప్రకారం సాధారణ ఎన్నికల ప్రచార కాలంలో పార్టీలు పెద్ద విరాళాలను వారం వారం వెల్లడించాలి. అమెరికాలో సమాఖ్య ఎన్నికకు ముందు చివరి 20 రోజుల్లో అభ్యర్థికి వచ్చిన 1,000 డాలర్లు, అంతకు మించిన విరాళాన్ని 48 గంటల్లో తెలపాలి. ఆ దేశాల్లో డబ్బు ప్రభావం పోలేదు. అయినా ఓటరుకు ముందే తెలిసే దారి ఒకటి ఉంది. మన దగ్గర 20,000 రూపాయలు దాటిన చందాల నివేదిక, 2013 పథకం కింద నడిచే ఎలక్టోరల్ ట్రస్టుల నివేదిక రెండూ ఏడాది లెక్కలే. పోలింగు దాటాక వచ్చే అవకాశమే ఎక్కువ.

కాబట్టి ఎన్నికల సంఘాన్నీ, పార్లమెంటునూ కోరదగింది స్పష్టంగానే ఉంది. షెడ్యూలు వెలువడిన రోజు నుంచి పోలింగు దాకా ప్రతి పార్టీ తనకు వచ్చిన 20,000 రూపాయలకు మించిన ప్రతి చందాను, దాత పేరుతో, వారం వారం, ఆ రాష్ట్రపు భాషలో ప్రకటించాలి. అది చట్టమయ్యేదాకా ఆగనక్కర్లేదు. గడప దగ్గరికి వచ్చిన అభ్యర్థిని ఆయన పార్టీ చందాల జాబితా అడిగే హక్కు ధూల్‌పేట్ ఓటరుకు ఈరోజే ఉంది. దయచేసి అడగండి.